హనుమకొండ నుంచి కాళేశ్వరం దాకా: ఇద్దరు దోస్తులు, రెండు ఎంటీబీలు

ఇద్దరు కలిసి ఎంటీబీల మీద, అంటే మట్టి దారులకు పనికొచ్చే గట్టి సైకిళ్ల మీద, హనుమకొండ నుంచి కాళేశ్వరం పోయి వచ్చే ఏడు రోజుల దారి ఇది. హనుమకొండ సముద్రమట్టానికి సుమారు 270 మీటర్ల ఎత్తులో ఉంది. కాళేశ్వరం దగ్గర గోదావరి 100 మీటర్లకు కాస్త అటూ ఇటూ పారుతుంది. అంటే ములుగు అడవుల మీదుగా నదికి పోయే దారి మొత్తమ్మీద దిగుడు, తిరిగొచ్చే దారి ఎక్కుడు. ఈ వాలు కంటికి ఆనదు, కాళ్లకే తెలుస్తుంది. చలికాలంలో గాలి ఎక్కువగా ఈశాన్యం వైపు నుంచి వీస్తుంది కాబట్టి పోయేటప్పుడు దిగుడున్నా ఎదురుగాలి, వచ్చేటప్పుడు ఎక్కుడున్నా వెన్నుగాలి. ఈ లెక్క ముందే తెలియకపోతే మొదటి మధ్యాహ్నానికే మాటలు మొదలవుతాయి. ఒకరు "ఎందుకురా ఉరుకుతున్నవ్" అంటారు, ఇంకొకరు "నువ్వే మెల్లగైనవ్" అంటారు. నిజానికి వేగం మార్చింది గాలి.

ఇద్దరు కలిసి చేసే దూరప్రయాణంలో సోపతి నిలిచేది పెద్ద మాటల మీద కాదని మా గట్టి నమ్మకం. పంపు ఎవరి సంచిలో ఉంది, ఎవరు ముందు తొక్కాలి, ఎన్ని నిమిషాలకోసారి ఆగాలి అనే చిన్న ఏర్పాట్ల మీద నిలుస్తుంది. అందుకే ఈ కథనంలో గుళ్లూ చెరువులూ ఎంత ఉన్నాయో, నట్లూ బోల్టులూ అంత ఉన్నాయి.

బయల్దేరే ముందు

నవంబర్ నడిమి నుంచి జనవరి చివరిదాకా మంచి కాలం. వానాకాలంలో వాగులు దాటనివ్వవు, మార్చి దాటితే పదింటికే ఎండ మండుతుంది. డిసెంబర్‌లో పొద్దు ఆరున్నర దాటాక పొడిచి, ఐదూ నలభై ప్రాంతంలో గూకుతుంది. పొద్దున పొగమంచు ఉంటుంది కాబట్టి వెనక ఎర్ర లైటు తప్పనిసరి. రోజుకు ఏడెనిమిది గంటల వెలుతురు వాడుకుని, నాలుగింటికల్లా బస చేరేలా లెక్క వేసుకోవాలి.

ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న హార్డ్‌టెయిల్ ఎంటీబీ ఈ దారికి చాలు. ముందు 32 పళ్ల చక్రం, వెనక 11 నుంచి 46 దాకా పళ్లున్న క్యాసెట్ (గేరు చక్రాల కట్ట) ఉంటే నిండు సంచులతో చెరువు కట్టలు కూడా దిగకుండా ఎక్కొచ్చు. టైరు 2.2 అంగుళాల వెడల్పుది మేలు. అంతకన్నా సన్నగా ఉంటే వాగు ఇసుకలో కూరుకుపోతుంది.

ఇద్దరి సైకిళ్లూ ఒకే చక్రం సైజు, ఒకే రకం వాల్వు, ఒకే బ్రేక్ ప్యాడ్లవి అయితే సగం బరువు తగ్గినట్టే. కాకపోతే ఎవరి విడిభాగాలు వాళ్లు మోయాలి. ముఖ్యంగా డిరెయిలర్ (వెనక గేరు మార్చే భాగం) హ్యాంగర్, అంటే దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే ముక్క, ఒక్కో మోడల్‌కు ఒక్కో ఆకారంలో ఉంటుంది, ఒకరిది ఇంకొకరికి పట్టదు. ములుగు దాటాక అది దొరికే దుకాణం లేదు.

సామాను పంచుకోవడంలో మా పద్ధతి ఇది. చైన్ టూల్, పెద్ద పంపు, ఫస్ట్ ఎయిడ్ ఉమ్మడివి. కానీ ట్యూబ్, టైర్ లివర్లు, ప్యాచ్‌లు, చిన్న పంపు, నీళ్లు, లైటు మాత్రం ఎవరివి వాళ్ల దగ్గరే. ఇద్దరూ అర కిలోమీటరు ఎడమైనా పంచర్ వేసుకోవడానికి ఒకరి కోసం ఇంకొకరు ఎదురుచూడకూడదు. ఒక్కొక్కరి బరువు పది కిలోలకు మించొద్దు. ఇద్దరిలో బలమున్నవాళ్ల మీద రెండు మూడు కిలోలు ఎక్కువ పెడితే వేగాలు దానంతటవే దగ్గరికొస్తాయి. దీన్ని మొహమాటపడకుండా ఇంట్లోనే మాట్లాడుకోవాలి. దారిలో మాట్లాడితే అది తప్పు పట్టినట్టుగా వినపడుతుంది.

క్యారియర్ బోల్టులు దాదాపు అన్నీ ఎం5 సైజు, 4 ఎంఎం ఎలన్ కీ పడుతుంది. గతుకుల మీద ఇవే ముందు వదులవుతాయి. మరకు, వదులవకుండా పట్టే జిగురైన నీలం థ్రెడ్‌లాకర్ ఒక చుక్క వేసి బిగించాలి. అది లేకపోతే గోళ్ల రంగు కూడా కొన్నాళ్లు పట్టి ఉంచుతుంది. విడిగా నాలుగు బోల్టులు, పది కేబుల్ టైలు, చైన్‌కు సరిపడే తెగిన కొసలు కలిపే రెండు క్విక్ లింకులు (వెనక పది గేరు చక్రాలుంటే పది స్పీడుది, పన్నెండుంటే పన్నెండుదే), ఒక జత బ్రేక్ ప్యాడ్లు, ప్రెస్టా వాల్వు (సన్నటి సైకిల్ వాల్వు) మీద తొడిగే ఇత్తడి అడాప్టర్ తీసుకోవాలి. ఆ అడాప్టర్ పైసల్లో చిన్నదే. అది ఉంటే బైకులకూ కార్లకూ గాలి పట్టే ప్రతి పంచర్ దుకాణం మీకు పనికొస్తుంది. లేకపోతే ఏదీ పనికిరాదు. కాకపోతే అక్కడి గాలి మిషన్ లారీ టైర్లకు అలవాటు పడ్డది, ఒక్కో సెకను చొప్పున ఆపి ఆపి కొట్టించుకోవాలి.

మొదటి రోజు: హనుమకొండ – ములుగు – పాలంపేట

సుమారు 70 కిలోమీటర్లు, అంతా తారే. గుడెప్పాడ్, ఆత్మకూరు, కటాక్షపూర్, మల్లంపల్లి మీదుగా 163వ జాతీయ రహదారి ములుగుకు తీసుకుపోతుంది. వానలు దంచికొడితే కటాక్షపూర్ చెరువు మత్తడి దూకి ఈ రోడ్డు మీదికే వస్తుంది. చలికాలంలో ఆ బాధ లేదు.

రహదారి మీద ఇద్దరూ పక్కపక్కన తొక్కొద్దు. ఒకరి వెనక ఒకరు, నడుమ రెండు సైకిళ్ల ఎడం, తెల్ల గీతకు కాస్త లోపలికి. పూర్తిగా అంచుకు పోతే లారీ దాటేటప్పుడు తారు అంచు మీంచి మొరంలోకి జారాల్సి వస్తుంది, పడేది అక్కడే. నెమ్మదైన మనిషి ముందుండాలి. బలమున్నవాళ్లు ముందుంటే వెనకవాళ్లు తెలియకుండానే వాళ్ల వేగానికి లాగబడతారు, ముప్పై కిలోమీటర్ల దగ్గర తొడలు పట్టేస్తాయి. ఎదురుగాలి బాగా ఉన్నప్పుడు మాత్రం బలమున్నవాళ్లు ముందుకొచ్చి గాలి కాయొచ్చు, అదీ వెనకవాళ్లు "చాలు" అనేదాకానే.

వేగం సరిగ్గా ఉందా లేదా తెలుసుకోవడానికి మీటరు అక్కర్లేదు. ఆగకుండా ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. నాలుగు మాటలకే ఊపిరి తెగితే ఒక గేరు తగ్గించాలి. మొదటి రోజు ఈ పరీక్ష చాలామందికి మింగుడుపడదు. ఇంట్లో అనుకున్న వేగం ఒకటి, పది కిలోల బరువుతో ఒళ్లు ఇచ్చే వేగం ఇంకొకటి. ఆ రెండోదే మన అసలు వేగమని ఒప్పుకోవడానికి కొందరికి ఒక పూట పడుతుంది, కొందరికి మూడు రోజులు.

ములుగు పొలిమేరలో గట్టమ్మ గుడి ఉంది. మేడారం పోయేవాళ్లు ముందు ఇక్కడ ఆగి మొక్కిపోవడం ఆనవాయితీ. సైకిల్ మీద పోయేవాళ్లకు కూడా ఇది ఆగవలసిన చోటే, నీడ ఉంది, నీళ్లున్నాయి. ములుగు దాటాక జంగాలపల్లి దగ్గర రహదారి వదిలి ఎడమకు తిరిగితే పాలంపేట. అక్కడి నుంచి లారీల మోత ఉండదు, రెండు వైపులా వరి పొలాలు.

రామప్ప గుడి 1213లో కట్టింది. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు 2021 జులైలో వచ్చింది. ఎర్ర ఇసుకరాయి గోడలు, నల్లరాతి మదనికలు చూడ్డానికి కనీసం గంట ఉంచుకోవాలి. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్ల మీద తేలేంత తేలిక. పునాది ఇసుక నింపిన గుంత మీద నిలబడింది. పునాది మెత్తనైనప్పుడు పైబరువు తగ్గించాలనే ఆలోచన కట్టినవాళ్లకు ఉందని ఆ గుడి ముందు నిలబడితే అర్థమవుతుంది. సాయంత్రం బసలో సంచులు విప్పి, మొదటి రోజంతా ముట్టుకోని వస్తువులు పక్కన పెట్టి చూస్తే రెండో జీన్సు ప్యాంటు, మూడో ఛార్జరు లాంటివి కచ్చితంగా తేలతాయి. ములుగు నుంచి ఇంటికి బస్సులో పార్సిల్ పంపేయడానికి ఇంకా వీలుంది.

రెండో రోజు: పాలంపేట – చల్వాయి – లక్నవరం

ముప్పై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. కావాలనే చిన్న రోజు. రహదారి మీద చల్వాయి దాకా పోయి కుడికి తిరిగితే అడవిలో ఏడెనిమిది కిలోమీటర్ల లోపల కాకతీయుల కాలపు లక్నవరం చెరువు. దీవులను కలిపే వేలాడే వంతెనల మీద సైకిల్ తొక్కొద్దు, బయట తాళం వేసి నడిచి పోవాలి.

మధ్యాహ్నం పని టైర్ల గాలి. తారు మీద ట్యూబ్ టైరుకు గాలి ఒత్తిడి 35 నుంచి 40 పీఎస్‌ఐ బాగుంటుంది. రేపటి నుంచి మట్టి దారులు, గాలి తగ్గించాలి. మనిషి, సామాను కలిపి 80 కిలోలు అనుకుంటే ట్యూబ్ ఉన్నవాళ్లు ముందు 26, వెనక 28 దగ్గర పెట్టాలి. ట్యూబ్‌లెస్ అయితే ముందు 21, వెనక 24 చాలు. ట్యూబ్ టైరులో అంతకన్నా తగ్గిస్తే రాయి తగిలినప్పుడు రిమ్ముకూ రాయికీ నడుమ ట్యూబ్ నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. పంచర్ విప్పినప్పుడు జంట చిల్లులు కనిపిస్తే ముల్లు కోసం వెతకడం దండగ, గాలి తక్కువైందని అర్థం.

ఒకే చిల్లు ఉంటే మాత్రం ముల్లే. ఈ దారిలో ముళ్లకు కొదవలేదు. చెరువు కట్టల మీద సర్కారు తుమ్మ, పొలాల గట్లకు నల్ల తుమ్మ, దారి మధ్యలో పల్లేరు కాయలు, పొదల పక్కన రేగు. తుమ్మ ముల్లు పొడుగు, టైరు మధ్య భాగాన్ని కూడా దాటుతుంది. పల్లేరు కాయ పొట్టిది కానీ ఒకేసారి మూడు నాలుగు చోట్ల దిగుతుంది. ట్యూబ్ మార్చే ముందు టైరు లోపల ఒక పాత బనియన్ గుడ్డ చుట్టూ తిప్పాలి, మొన ఎక్కడుందో అక్కడ దారం పట్టుకుంటుంది. వేలితో తడిమితే వేలు చీరుకుంటుంది. ఆ మొన తీయకుండా కొత్త ట్యూబ్ వేస్తే అది ఇంకో కిలోమీటరు కూడా రాదు.

ట్యూబ్‌లెస్ వాళ్లు బయల్దేరే ముందు ఒక్కో టైరులో 100 మి.లీ. సీలెంట్ (చిల్లు మూసే ద్రవం) కొత్తగా పోసుకుని రావాలి. మన ఎండలకు అది రెండు మూడు నెలల్లో ఎండి తొక్కు కడుతుంది. ముల్లు లాగిన వెంటనే ఆ చిల్లు కిందికి వచ్చేలా చక్రం తిప్పి అర నిమిషం ఆపితే ద్రవం అక్కడ చేరి మూసుకుంటుంది. నిలబడని పెద్ద చిల్లుకు రబ్బరు ప్లగ్గు.

ఈ పనంతా ఒకరి సైకిల్ ఇంకొకరు చూడాలి. ఎవరి సైకిల్ మోత వాళ్ల చెవికి అలవాటైపోయి ఉంటుంది, వదులైన స్పోకు పక్కవాళ్ల చేతికే దొరుకుతుంది. ముందు చక్రం బిగింపు, హ్యాండిల్ బోల్టులు, సీటు, క్యారియర్, పెడళ్లు అనే వరుసలో అయిదు నిమిషాల పని. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, మామూలుగా బిగించబోతే ఊడుతుంది. ఇదొక్కటి గుర్తుంచుకుంటే చాలు.

మూడో రోజు: లక్నవరం – పస్రా – తాడ్వాయి – మేడారం

మళ్లీ చల్వాయికి వచ్చి పస్రా దాటితే అడవి రోడ్డుకు రెండు వైపులా దగ్గరికొస్తుంది. వంపులున్నాయి, బస్సులు జోరుగా వస్తాయి, కానీ నీడ ఉంది. పస్రా నుంచి నార్లాపూర్ మీదుగా కూడా మేడారం పోవచ్చు. తాడ్వాయి మీదుగా పోతేనే అడవి బాగా చూడొచ్చు. తాడ్వాయి నుంచి మేడారం 14 కిలోమీటర్లు.

2024 ఆగస్టు 31న పెద్ద సుడిగాలి ఈ తాడ్వాయి–మేడారం అడవిలో పదుల వేల చెట్లను వేళ్లతో సహా కూల్చింది. దారి పక్కన ఆకాశం ఒక్కసారిగా తెరుచుకున్న చోటు వస్తే అది ఎందుకో తెలిసి ఉండాలి. ఓపిక మిగిలితే తాడ్వాయి మండలంలోనే దామరవాయి దగ్గర బృహత్ శిలా యుగపు రాతి సమాధులు చూడొచ్చు. ఊళ్లో తోడు తీసుకునే పోవాలి.

మేడారం గద్దెలు జాతర లేని రోజుల్లో నిదానంగా ఉంటాయి. రెండేళ్లకోసారి మాఘమాసంలో సమ్మక్క సారలమ్మ జాతర జరిగినప్పుడు ఈ దారుల్లో సైకిల్‌కు చోటుండదు, ఆ నెల పెట్టుకోవద్దు. జంపన్న వాగు దగ్గర కాళ్లు కడుక్కుని గద్దెల దగ్గరికి పోతారు. మొక్కు బెల్లంతోనే, దాన్ని బంగారం అంటారు. మొక్కు తీర్చుకున్నాక ఇంకో కిలో బెల్లం కొని చిన్న పొట్లాలుగా కట్టించుకోవాలి, రేపు అది మందు. దుకాణాల్లో అటుకులు, పల్లీలు కూడా దొరుకుతాయి. ఇంటి నుంచి సర్వపిండి, సకినాలు తెచ్చుకున్నవాళ్లు వాటిని రేపటికి దాచుకోవాలి. నూనెలో కాలిన పిండివంట మూడు నాలుగు రోజులు పాడవదు, సంచిలో నలిగినా తినడానికి వస్తుంది.

నాలుగో రోజు: మేడారం – కాల్వపల్లి – కాటారం

మొత్తం ప్రయాణంలో ఇదే అసలు రోజు. ఊరట్టం, సింగారం, కాల్వపల్లి, పెగడపల్లి, బోర్లగూడెం, యామన్‌పల్లి, చింతకాని మీదుగా కాటారం. జాతరకు కరీంనగర్, పెద్దపల్లి వైపు నుంచి వచ్చే బండ్ల దారి ఇది, మిగతా రోజుల్లో చాలా ఖాళీగా ఉంటుంది. ముక్కలు ముక్కలుగా తారు, నడుమ మొరం, కల్వర్టుల దగ్గర దుబ్బ. ఫోను సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు, మ్యాపు ముందే ఫోనులో దించుకోవాలి. ఆధార్ కార్డు పైజేబులో ఉండాలి, చెక్‌పోస్టులో అడిగితే చూపించి ఎటు నుంచి ఎటు పోతున్నారో నింపాదిగా చెప్పాలి. రోడ్డు వదిలి రక్షిత అడవిలోకి పోవాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. అది లేకుండా అడ్డదారులు తొక్కొద్దు.

మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు. అందులో ఒక లీటరులో ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం కలపాలి, సగం ప్యాకెట్ సగం సీసాలో అంటూ కొలతలు మార్చొద్దు. ఏడింటికి బయల్దేరి రెండింటికల్లా కాటారం చేరేలా చూసుకోవాలి. పొద్దు గూకాక ఈ దారిలో ఉండొద్దు.

ముందు ఇసుక సంగతి. వాగు మొదలయ్యే పది మీటర్ల ముందే గేరు తగ్గించాలి. లోపలికి పోయాక తగ్గిస్తే చైన్ మీద బలం పడి తెగుతుంది. పిరుదులు కాస్త వెనక్కి జరపాలి, చేతులు వదులుగా పట్టుకోవాలి. ముందు చక్రం అటూ ఇటూ ఊగనివ్వాలి, బలవంతంగా తిన్నగా పట్టుకుంటే మడతపడి పడేస్తుంది. ముందు బ్రేకు ముట్టుకోవద్దు. ఆగిపోతే దిగి నెట్టుకుపోవడంలో నామోషీ ఏమీ లేదు.

నీళ్లున్న చోట కర్రతో లోతు చూడాలి. చక్రం ఇరుసు మునిగేటట్టుంటే తొక్కొద్దు, బేరింగుల్లోకి నీళ్లు పోతాయి. నడిచి దాటేటప్పుడు సైకిల్ ప్రవాహానికి దిగువ వైపు ఉండాలి, ఎగువ వైపు ఉంటే నీటి తోపుకు వచ్చి కాళ్లను కొడుతుంది. దాటాక బ్రేకులు రెండూ పది సెకన్లు మెల్లగా ఒత్తి తొక్కితే డిస్కు ఆరుతుంది. తడి ఇసుక బ్రేక్ ప్యాడ్లను ఇట్టే అరగదీస్తుంది, మెత్తటి రకం రెజిన్ ప్యాడ్లనైతే ఇంకా తొందరగా. మందం 1 మి.మీ. కన్నా తగ్గితే మార్చాలి.

చైన్‌కు వ్యాక్స్ రకం పొడి లూబ్ వాడాలి. తడి ఆయిల్ వేస్తే దుబ్బ పట్టుకుని సానరాయిలా పళ్లను అరగదీస్తుంది. ప్రతి రెండు గంటలకు గుడ్డతో తుడిచి, లింకుకు ఒక చుక్క చొప్పున వేసి, పైన మిగిలింది మళ్లీ తుడవాలి. చైన్ తెగితే దెబ్బతిన్న లింకును తీసేసి, రెండు కొసల్లోనూ లోపలి పలకల లింకే మిగిలేలా చూసి క్విక్ లింకు పెట్టాలి. అది సరిగ్గా కూర్చోవాలంటే లింకు పైకి వచ్చేలా తిప్పి, వెనక బ్రేకు పట్టుకుని పెడల్‌ను గట్టిగా తొక్కాలి, టక్కుమంటుంది. చైన్ పొట్టిదైతే ఆ తర్వాత వెనక అన్నిటికన్నా పెద్ద పళ్లకు పోవద్దు.

పక్కకు పడినప్పుడు వంగేది హ్యాంగర్. పడి లేచాక గేర్లు మార్చే ముందు వెనక నిలబడి చూడాలి. డిరెయిలర్‌లోని రెండు చిన్న చక్రాలూ పైనున్న పళ్లతో ఒకే నిలువు గీతలో ఉన్నాయా? లోపలికి వంగి ఉంటే పెద్ద గేరులో డిరెయిలర్ స్పోకుల్లోకి పోయి చక్రమే విరుగుతుంది. కొత్త హ్యాంగర్ వేయడం కష్టం కాదు. చక్రం తీసి, 5 ఎంఎం కీతో డిరెయిలర్ విప్పి, హ్యాంగర్‌ను పట్టి ఉంచే చిన్న స్క్రూలు తీసి, కొత్తది పెట్టి అదే వరుసలో వెనక్కి. ఒకరు సైకిల్ పట్టుకుంటే ఇంకొకరికి పావుగంట పని, ఒక్కరికే అయితే అరగంట దాటుతుంది. టైరు పక్క గోడ చీరితే లోపల టూత్‌పేస్టు ట్యూబ్ ముక్క కోసి కడిగి పరిచి, మీద ట్యూబ్ వేసి, గాలి 25 దగ్గర ఆపాలి.

సామాను చెడితే మనుషులు మామూలుగా తట్టుకుంటారు. ఒంట్లో చక్కెర తగ్గితేనే తట్టుకోలేరు. ఒకటి రెండు గంటలు ఏమీ తినకుండా తొక్కాక మొదట కనిపించేది అలసట కాదు, చిరాకు. మాటకు అడ్డం మాట, దారి గురించి వాదన, లేకపోతే పూర్తిగా మౌనం. ఆ సమయంలో పక్క మనిషి చేయాల్సింది జవాబు చెప్పడం కాదు. సైకిల్ ఆపి, మేడారం బెల్లం ముక్క, గుప్పెడు పల్లీలు చేతిలో పెట్టి, పది నిమిషాలు నీడలో కూర్చోబెట్టడం. చాలా వాదనలు అక్కడితో పోతాయి. ఆకలి అయ్యాక తినడం ఆలస్యమే కాబట్టి, ముప్పావు గంటకోసారి ఆకలి లేకపోయినా తినాలని ఇద్దరూ ఒప్పందం చేసుకోవాలి.

ఈ దారిలో దుమ్ము వల్ల ఇద్దరి మధ్య వంద మీటర్ల ఎడం తప్పదు. అందుకు మూడు కట్టుబాట్లు: దారి చీలిన ప్రతి చోట ముందున్నవాళ్లు ఆగాలి, వెనకవాళ్లు వచ్చి నీళ్లు తాగేదాకా కదలొద్దు, ఒక ఈల అంటే ఆగు, మూడు ఈలలంటే ఆపద. రెండో కట్టుబాటు ముఖ్యమైంది. ముందువాళ్లు విశ్రాంతి తీసుకుని, వెనకవాళ్లు కనపడగానే కదిలితే వెనకవాళ్లకు రోజంతా విశ్రాంతి దొరకదు. దీన్ని ఎవరూ పగతో చేయరు, ఎవరికీ తెలియదు కూడా, కానీ రెండు రోజులు ఇలా జరిగితే మనసులో ముల్లు పడుతుంది.

ఆ వంద మీటర్ల ఎడంలోనే ఎవరికి వారు దొరుకుతారు. టేకు ఆకులు చక్రం కింద చిట్లే మోత తప్ప ఏమీ వినపడని గంటల్లో, నొప్పి వస్తే చెప్పే మనిషా దాచే మనిషా, ముందున్నప్పుడు వెనక్కి తిరిగి చూసే మనిషా కాదా అన్నది ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. నొప్పి దాచేవాళ్లకు మేం చెప్పేది ఒకటే: మోకాలు పట్టేశాక చెబితే ఇద్దరి ప్రయాణం ఆగుతుంది, పట్టేసేముందు చెబితే పది నిమిషాలు ఆగుతుంది.

రాత్రికి కాటారం. వేడి అన్నం, పచ్చిపులుసు ఎక్కడ దొరికితే అక్కడ భోజనం.

అయిదో రోజు: కాటారం – మహదేవపూర్ – కాళేశ్వరం

ముప్పై పైచిలుకు కిలోమీటర్లు, మంచి రోడ్డు. గాలి మళ్లీ 35కు పెంచుకోవాలి. ఇసుక లారీలుంటాయి, అద్దం ఉంటే మంచిది. కాళేశ్వర ముక్తీశ్వరాలయంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలుంటాయి, ఒకటి యముడిది, ఒకటి శివుడిది. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసేది ఇక్కడే. సరస్వతి అంతర్వాహినిగా కలుస్తుందన్న నమ్మకంతో 2025 మే నెలలో ఇక్కడ సరస్వతి పుష్కరాలు జరిగాయి. వంతెనకు అవతల మహారాష్ట్రలోని సిరోంచ.

మిగతా పూట ఒంటికి ఇవ్వాలి. మోకాలు ముందు వైపు నొప్పి అయితే సీటు తక్కువ ఎత్తులో ఉంది, వెనక వైపు అయితే ఎక్కువ ఎత్తులో ఉంది. ఒకేసారి 5 మి.మీ. కన్నా ఎక్కువ మార్చొద్దు. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కితే అరచేతి అంచు మీద బరువు పడుతోందని అర్థం. పట్టు మార్చుకుంటూ ఉండాలి, హ్యాండిల్ కాస్త పైకి తేవాలి. తొడల సందున ఒరుసుకుపోతే కడిగి పూర్తిగా ఆరబెట్టి పెట్రోలియం జెల్లీ రాయాలి. తడి షార్ట్స్ రెండోసారి వేసుకోవద్దు. ఈ నొప్పుల గురించి ఇద్దరూ సిగ్గుపడకుండా మాట్లాడుకోగలిగితే తిరుగుదారి సుఖంగా ఉంటుంది.

ఆరో రోజు: కాళేశ్వరం – భూపాలపల్లి

దాదాపు 65 కిలోమీటర్లు. వచ్చిన దారినే కాటారం దాకా పోయి, అడవి మధ్య నుంచి దక్షిణానికి. మొదట్లో చెప్పిన ఎక్కుడు ఇక్కడ మొదలవుతుంది. గాలి వెనక నుంచి తోస్తున్నా గేరు ఒకటి తక్కువలోనే సుఖం. భూపాలపల్లి సింగరేణి ఊరు, బొగ్గు లారీలు తిరుగుతాయి. ముక్కుకు గుడ్డ, కళ్లకు అద్దాలు. చైన్ ఈ రాత్రి కిరోసిన్ గుడ్డతో పూర్తిగా తుడవాలి, ఆ గుడ్డ డిస్కుకు తగలనివ్వొద్దు. ఒక్క చుక్క నూనె అంటినా బ్రేకు కూస్తుంది, పట్టదు. అంటితే స్పిరిట్‌తో డిస్కు తుడిచి ప్యాడ్లను ఇసుక కాగితం మీద రుద్దాలి.

ఏడో రోజు: భూపాలపల్లి – రేగొండ – పరకాల – హనుమకొండ

చెల్పూరు థర్మల్ కేంద్రం దాటాక గణపురం వైపు కాస్త లోపలికి పోతే కోటగుళ్లు, కాకతీయుల కాలపు శిథిల ఆలయాల గుంపు. రేగొండ మండలంలో తిరుమలగిరి దగ్గర పాండవుల గుట్టలు. ఇసుకరాయి గోడల మీద ఆదిమానవులు గీసిన రంగు బొమ్మలున్నాయి. రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దు, ఒకటి ఎంచుకోవాలి. మేం గుట్టలే ఎంచుకోమంటాం. కింద ఎవరికైనా సైకిళ్లు అప్పజెప్పి, తెలిసిన మనిషిని తోడు తీసుకుని, పగటి వెలుతురులోనే ఎక్కాలి. ఆ గుట్టల్లో ఎలుగుబంట్లున్నాయి. బొమ్మల మీద చేయి పెట్టొద్దు, నీళ్లు చల్లొద్దు.

పరకాలలో అమరధామం ఉంది. 1947 సెప్టెంబర్ 2న జాతీయ జెండా పట్టుకుని వచ్చిన జనం మీద జరిగిన కాల్పుల్లో చనిపోయినవాళ్ల స్మృతిగా కట్టింది. అక్కడి నుంచి గుడెప్పాడ్ మీదుగా హనుమకొండ. ఆఖరి ఇరవై కిలోమీటర్లలో బండ్లు ఎక్కువ, ఇద్దరిలో ఒకరికి ఇల్లు గుర్తొచ్చి వేగం పెరుగుతుంది. నెమ్మదైన మనిషి ముందు అన్న కట్టుబాటు ఇంటి దాకా నడవాలి.

మరుసటి రోజు సైకిళ్లు కడిగేటప్పుడు అధిక పీడనం నీటి గన్ను బేరింగుల మీద కొట్టొద్దు, బకెట్టు, బ్రష్ చాలు. సాగుదల కొలిచే చైన్ గేజ్ పెట్టి చూడాలి. పదకొండు, పన్నెండు స్పీడువి 0.5 శాతం సాగితే, తొమ్మిది, పది స్పీడువి 0.75 సాగితే చైన్ మార్చాలి, లేకపోతే క్యాసెట్ కూడా పోతుంది. సీటు ఎత్తు, గాలి, ఒంటికి సరిపడ్డ తిండి అన్నీ ఒకే కాగితం మీద ఇద్దరివీ రాసి పెట్టుకోవాలి. ఇంకో రెండు రోజుల సెలవు దొరికినవాళ్లు వచ్చేసారి తాడ్వాయి నుంచి ఏటూరునాగారం పోయి, ముల్లకట్ట దగ్గర గోదావరి వంతెన దాటి, వాజేడు మండలంలోని బొగత జలపాతం కూడా కలుపుకోవచ్చు. దానికి అక్టోబర్ చివర బయల్దేరితేనే జలపాతంలో నీళ్లుంటాయి, అప్పుడు వాగుల్లో కూడా నీళ్లుంటాయి కాబట్టి బ్రేక్ ప్యాడ్లు రెండు జతలు తీసుకుపోవాలి.